గేటు బయట శనివారం

నేను ఒక మంచాన్ని. నా మీద పడుకున్నవాళ్ళు తమంతట తాము దిగరు. శవాలను శ్మశానానికి మోసుకువెళ్ళడానికి చేసినదాన్ని కాబట్టి ఊళ్ళో నన్ను మోతమంచం అనేవారు. మామూలు రోజుల్లో నా వైపు చూడకుండా నడిచిపోయేవారు, అవసరం పడితే పరుగెత్తుకొచ్చేవారు. దీనికి నేనేమీ బాధపడలేదు. మనుషుల మధ్య చాలాకాలం ఉన్నవాళ్ళకు బాధపడటానికి వేరే సంగతులు ఉంటాయి.

నన్ను చేయించింది తూములపాలెం క్రైస్తవ సంఘం. వడ్రంగి వీరాచారి నల్లమద్ది చెక్క తెచ్చి, ఎనిమిది మంది భుజాలకు సరిపోయేలా రెండు పొడవాటి మోతకర్రలు కోశాడు. మధ్యలో పలకలు బిగించి, తల వైపు చిన్న సిలువ చెక్కాడు. సిలువ చెక్కుతున్నంతసేపూ ఆయన కూనిరాగం తీసిన పాటలో ఉన్నది వేరే దేవుడు. నాకు మాత్రం ఆ రెంటితోనూ ఇబ్బంది కలగలేదు.

కొమ్మలేరు వాగు దాటితే శ్మశానాలు. క్రైస్తవులది, ముస్లింలది పక్కపక్కనే, మధ్యలో ఒక గోడ. ఎదురుగా రోడ్డుకు అవతల బాజీవలి కట్టెల అడితి. నన్ను క్రైస్తవుల గేటు పక్కన రేకుల కింద ఉంచేవారు. గేటు తాళంచెవి సంఘపెద్ద జీవరత్నం మొలతాడుకు వేలాడేది. ఎవరినీ అడగకుండా నన్ను తీసుకుపోవచ్చు, గేటు తియ్యాలంటే మాత్రం ఆయన రావాలి.

కొన్నాళ్ళకు సంఘంలోంచి కొన్ని కుటుంబాలు విడిపోయాయి. మా పూర్వీకులు ఇశ్రాయేలీయులు, మేం యూదులం, మాకు పాత నిబంధన చాలు అన్నారు. ఆదివారం మానేసి శనివారం విశ్రాంతి పట్టారు. శుక్రవారం పొద్దు గుంకితే పొయ్యి వెలిగించరు, బరువు ఎత్తరు. ఎవరూ దగ్గరుండి నేర్పలేదు, చదివి నేర్చుకున్నారు. అందుకే మరీ గట్టిగా పట్టుకున్నారు. వాళ్ళలో షడ్రకు, కెజియమ్మ దంపతులు ఉన్నారు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, ఆశేరు.

ఒక ఎండాకాలం శుక్రవారం ఉదయం ఆశేరును మిరపతోటలో పాము కరిచింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. పొద్దు గుంకేలోపు పూడ్చాలి, శనివారం పూడ్చకూడదు. స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, మధ్యాహ్నానికల్లా నా మీద పడుకోబెట్టి గేటు దగ్గరికి తెచ్చారు. గేటుకు తాళం ఉంది. తాళం ముందు జీవరత్నం ఉన్నాడు.

"ఆగు షడ్రకూ. ముందొక సంగతి తేలాల" అన్నాడు.

"ఏం తేలాల పెద్దయ్యా? గొయ్యి తీసుకోనీండి."

"మీరు యేసుప్రభువును కాదని ఎళ్ళారు. అంటే మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు. వేరే దేవుణ్ణి కొలిచేవాణ్ణి ఈ నేలలో ఎట్టా పెడతాం?"

"మా నాయన ఈ గేటు లోపలే ఉన్నాడు. మా తాత లోపలే ఉన్నాడు."

"వాళ్ళు మావాళ్ళు."

చుట్టూ మనుషులు చేరారు. ఒకాయన అబ్రాహాము దేవుడే మన దేవుడు కదా అన్నాడు. ఇంకొకాయన కుమారుణ్ణి ఒప్పుకోనివాడికి తండ్రి లేడని వచనం చదివాడు. దానికి ఎదురు మరో వచనం వచ్చింది. అడితి గుమ్మంలో నిలబడిన బాజీవలిని చూసి ఎవరో, "అయితే సాయిబుల దేవుడు కూడా మన దేవుడేనంటావా?" అని ఎగతాళి చేశారు. నవ్వులు వినబడ్డాయి. మధ్యలో టీలు కూడా వచ్చాయి. దేవుణ్ణి గురించి మాట్లాడేటప్పుడు మనుషులకు దాహం వేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

"పొద్దు పోతోంది అయ్యా" అంది కెజియమ్మ.

"దేవుడి సంగతి తొందరపడి తేల్చేది కాదమ్మా" అన్నాడు జీవరత్నం. ఆ మాట అంటూ ఆయన పడమర వైపు చూశాడు. అంతకుముందూ చూస్తూనే ఉన్నాడు. నేను కళ్ళు లేనిదాన్ని, అయినా అది చూశాను.

తాటిచెట్ల వెనక సూర్యుడు దిగిపోయాడు. షడ్రకు నా మోతకర్ర మీద నుంచి చెయ్యి తీసేశాడు. విశ్రాంతిదినం వచ్చేసింది. ఇక పూడ్చకూడదు, వెనక్కి మోయనూ కూడదు. వాళ్ళు చదువుకున్నది అంతే. నన్ను అక్కడే, గేటు ముందు, రోడ్డు వారన వదిలేశారు.

శనివారం ఎండ నిప్పులు కురిసింది. ఆ పిల్లవాడు నా మీద ఉన్నాడు. తల్లి నా కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పను. మిట్టమధ్యాహ్నం బాజీవలి అడితిలోంచి నాలుగు వాసాలు, ఒక టార్పాలిన్ తెచ్చి పందిరి వేశాడు. చుక్కలు పొడిచి విశ్రాంతిదినం గడిచాక, "మా ఖబరస్తాన్‌లో పెడదాం రండి" అన్నాడు. మసీదు పెద్దల్లో కొందరు దానికీ సణిగారు. చివరికి వాళ్ళ ప్రహరీ గోడకు బయట, దగ్గరగా, కాస్త చోటు దొరికింది. ఆశేరు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, రెండు శ్మశానాల్లో దేనిలోనూ కాకుండా.

నేను మైలపడ్డానని సంఘం తీర్మానించింది. నన్ను బాజీవలి అడితికి పాత కట్టెగా ఇచ్చేశారు. ఆయన నన్ను చీల్చలేదు. కడిగి, ఆకుపచ్చ రంగు వేయించి మసీదుకు ఇచ్చాడు. సిలువను చెక్కేయకుండా దాని మీదే మందంగా రంగు పూశారు. చాలామంది ముస్లింలు దాని కింద తల పెట్టుకుని హాయిగా వెళ్ళారు. చాలా ఏళ్ళకు మసీదువాళ్ళు చక్రాల ఇనుప మంచం కొనుక్కుని నన్ను యూదుల ఇళ్ళకు ఇచ్చారు. అలా కెజియమ్మ వసారాలోకి వచ్చాను.

అప్పటికి షడ్రకు లేడు. ఒకసారి బొంబాయి నుంచి ఒక యూదు పెద్దాయన వీళ్ళను చూడ్డానికి వచ్చి, మాటల్లో, విశ్రాంతిదినాన శవాన్ని ఎండలోంచి నీడకు జరపడానికి ధర్మశాస్త్రంలోనే దారి ఉందని చెప్పాడట. షడ్రకు ఆ తర్వాత ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, ఎక్కువకాలం బతకలేదు. కెజియమ్మ ఆ తప్పును కూడా జీవరత్నం మీదే వేసింది. ఎక్కడో ఒకచోట వెయ్యాలి కదా. రోజూ నన్ను తుడిచేది. తుడుస్తూ, "వస్తాడు జీవరత్నం. రాక యాడికి పోతాడు" అనేది. ఆమె చేతివేళ్ళు నా చెక్కను పట్టుకునే పట్టు తుడిచేవాళ్ళ పట్టు కాదు. ఆమె ఎదురుచూస్తుండగా నేనూ ఎదురుచూడటం నేర్చుకున్నాను. చెక్కకు పగ ఉండదని ఎవరన్నా అంటే నమ్మకండి.

మొన్నటి తుపాను రోజుల్లో జీవరత్నం భార్య సుగుణమ్మ పోయింది. కొమ్మలేరు చప్టా మీద నీళ్ళు నడుముల దాకా పారుతున్నాయి. పట్నం నుంచి శవాన్ని తీసుకెళ్ళే బండి రాలేదు. మసీదువాళ్ళ ఇనుప మంచం పక్క ఊరి చావుకు వెళ్ళి అవతల చిక్కుకుంది. ఆయన భార్యకు చేయించిన టేకు పెట్టెను నులకమంచం మొయ్యలేదు. పైన ఆనకట్ట గేట్లు ఎత్తుతారని, సాయంత్రానికి చప్టా పూర్తిగా మునుగుతుందని కబురు వచ్చింది.

వానలో ముగ్గురు వచ్చారు. జీవరత్నం, సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు, వాళ్ళకు తోడుగా బాజీవలి. కెజియమ్మ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. లేవలేదు.

"అమ్మా, మోతమంచం కావాల" అన్నాడు పాస్టరు.

"అట్టాగే. ముందొక సంగతి తేలాల" అంది ఆమె. "మీ దేవుడూ మా దేవుడూ ఒకడేనా, వేరా? ఆ రోజు తేలకుండానే పొద్దు గుంకింది."

పాస్టరు తడబడ్డాడు. "ఒకడేనమ్మా! అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు..."

"నిన్ను కాదు బాబూ. నువ్వప్పటికి పుట్టావో లేదో."

"వదినా, నీళ్ళు పెరుగుతున్నయ్యి" అన్నాడు బాజీవలి. "అల్లా అన్నా యెహోవా అన్నా కొమ్మలేరు ఆగేట్టు లేదు. పెట్టెక్కించి మాట్లాడుకుందాం."

"దేవుడి సంగతి తొందరపడి తేల్చేది కాదు సాయిబన్నా. కూర్చో. టీ పెట్టమంటావా?"

ఆమె ఇంకో కాయ అందుకుంది. తొడిమ తీసి, కాయ ఒక వైపు, తొడిమ ఒక వైపు వేసింది. ఇంకోటి తీసుకుంది. నిజం చెబుతున్నాను, ఆ ఆలస్యం నాకు తియ్యగా ఉంది.

"ఒకడే కెజియమ్మా" అన్నాడు జీవరత్నం. గడ్డం మీద నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి.

"ఎప్పటి నుంచి? ఇయ్యాల పొద్దుటి నుంచా?"

"మొదటి నుంచీ."

"మరి ఆ శుక్రవారం?"

"ఆ శుక్రవారం కూడా ఒకడే. నాకు తెలుసు."

ఆమె చేతిలో కాయ ఆగింది. "తెలిసే ఆపావా?"

"మీరు వరసబెట్టి సంఘంలోంచి ఎళ్ళిపోతా ఉన్నారు. రేపు ఇంకెవరు పోతారోనని భయం. ఆపటానికి నా చేతిలో ఉంది ఆ గేటొక్కటే."

"పొద్దు గుంకితే మేం కదలమని?"

ఆయన తల ఊపాడు.

పాస్టరు మరో వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆమె ఒక మూర్ఖుణ్ణి ద్వేషించింది. వేరే దేవుడని నమ్మాడు, నమ్మి ఆపాడు అనుకుంది. నమ్మినవాడితో దెబ్బలాడవచ్చు. వీడు ఏమీ నమ్మలేదు. సూర్యుణ్ణి చూసుకుంటూ నిలబడ్డాడు, అంతే.

కెజియమ్మ లేచి, కారం అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది. "మంచం తీసుకుపోండి. సుగుణ నాకేం చెయ్యలా" అంది. "ఈయన మాత్రం కర్ర పట్టగూడదు. గేటు దాటగూడదు. ఒప్పుకుంటేనే."

"అదేం మాటమ్మా, కట్టుకున్న భార్య..." అన్నాడు పాస్టరు.

"ఒప్పుకున్నా" అన్నాడు జీవరత్నం.

ఎనిమిది మంది నన్ను భుజాలకు ఎత్తారు. సంఘంవాళ్ళు ఉన్నారు, బాజీవలి కొడుకులు ఉన్నారు, కెజియమ్మ మరిది ఉన్నాడు. చప్టా మధ్యలో నీళ్ళు ఛాతీ దాకా వచ్చినప్పుడు ఒకరు "యేసయ్యా" అన్నారు, ఒకరు "యా అల్లా" అన్నారు, ఒకరు హెబ్రీలో నేర్చుకున్న ముక్క ఏదో గొణిగారు. అందరూ జారింది ఒకే నాచు మీద. వెనక జీవరత్నం ఒక్కడే చప్టా వెంట కట్టిన తాడు పట్టుకుని నడిచాడు. ఆయన వెనక కెజియమ్మ నడిచింది.

గేటు తీశారు. నేను లోపలికి వెళ్ళాను, గేటు తెరిచే ఉంది కాబట్టి రోడ్డు నాకు కనబడుతూనే ఉంది. ఆయన బయట ఆగాడు. ఆమె ఆయన పక్కనే నిలబడింది, కాపలాకు. లోపల పాట మొదలైంది. పెట్టె దిగుతున్న చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.

"పిడికెడు మట్టి వేసి వస్తా" అన్నాడు జీవరత్నం. "ఒక్క పిడికెడు."

ఆమె గేటుకు అడ్డంగా జరిగింది.

ఆయన వంగి రోడ్డు వారన మట్టి తీసుకుని ఆమె ముందు చెయ్యి చాపాడు. "నువ్వన్నా వెయ్యి. నా పేరు చెప్పి వెయ్యి."

ఆమె చెయ్యి ముందుకు రాలేదు. ఆ పిడికిలి వైపే చూస్తూ నిలబడింది. వాన పడుతోంది. మట్టి కరిగి ఆయన వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారింది, మణికట్టు మీదికి, మోచేతి మీదికి. అంతా పోయి అరచెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆమె చూసింది. అప్పటికి లోపల గొయ్యి పూడ్చడం అయిపోయింది.

నన్ను బయటికి తెచ్చారు. కెజియమ్మ, "పదండి, నీళ్ళు పెరుగుతున్నయ్యి" అంది. గోడవతల ఆశేరు ఉన్న వైపు ఆమె తిరిగి చూడలేదు. చూస్తుందనుకున్నాను.

ఆ వాగులో టేకు పెట్టెతో వెళ్ళినప్పటి కంటే ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడే నేను ఎక్కువ బరువున్నానని మోసినవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. తడిసిన చెక్క కదా, నీళ్ళు తాగి ఉంటుంది అన్నాడు బాజీవలి. కావచ్చు.