తాళాలాయన మూసిన టికెట్లు

పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ ఒక టికెట్ పెట్టింది. అక్కడ కంప్యూటర్లకు ఏ జబ్బు చేసినా కింది అంతస్తులోని సర్వర్ రూమ్‌కు రాసి పంపాలి. ఆ ఫిర్యాదునే టికెట్ అంటారు. ఆవిడ రాసింది చిన్న విషయం కాదు. ఒకే పేరున్న ఇద్దరు రోగులు వెంటవెంటనే వస్తే, ఒకరి రక్తపరీక్ష ఫలితం రెండోవారి రికార్డు కింద వార్డు స్క్రీన్ మీదికి వెళ్తోంది.

మధ్యాహ్నం పన్నెండూ యాభైకి చేతులు కడుక్కుంటుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. "మీ టికెట్ మూసివేశాము. చూశాను. ఇక భయం లేదు." కింద, మూసినవారి పేరు.

అది ఆవిడ భర్త పేరు. ఆయన పోయి తొమ్మిది నెలలైంది. ఆ తరవాత ఆవిడ టికెట్ పెట్టడం ఇదే మొదలు.

పంపు కట్టేయడం మరిచిపోయి ఆవిడ ఆ అక్షరాలవైపే చూస్తూ నిలబడింది. పద్నాలుగేళ్లు ఆ సర్వర్ రూమ్‌ను నడిపిన మనిషి ఆయన. పాస్‌వర్డులన్నీ ఆయన చేతిలోనే ఉండేవి కాబట్టి ఊరందరికీ తాళాలాయన. ఏ టికెట్ మూసినా చివర ఆ రెండు మాటలు రాసేవాడు. ఇంట్లో తల్లికి ఒళ్లు వెచ్చబడినా నుదుటి మీద చెయ్యి వేసి అవే మాటలు అనేవాడు.

పక్కనున్న పాత ఉద్యోగిని అడిగితే నీళ్లు నమిలింది. ఈ తొమ్మిది నెలలుగా అందరికీ అలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయట. ఆవిడ మనసు కష్టపడుతుందని ఎవరూ ఎత్తలేదు. మొదట్లో కొందరు జడుసుకున్నారు, తరవాత అలవాటు పడిపోయారు. పోయినా డ్యూటీ మానలేదు మహానుభావుడు అని క్యాంటీన్లో జోకులు కూడా వేసుకుంటున్నారు.

మూడున్నరకు ల్యాబ్‌ను మరొకరికి అప్పజెప్పి ఆవిడ మెట్లు దిగింది.

సర్వర్ రూమ్ తలుపు తోస్తే చలిగాలి ముఖాన కొట్టింది. మనిషి అలికిడి లేదు. బీరువాలంత మిషన్లు వరసగా నిలబడి, నోరు మూసుకుని మూలిగినట్టు ఒకటే హోరు. మూలనున్న కుర్చీ వీపు మీద ఆయన స్వెట్టర్ అలాగే వేలాడుతోంది. తాకి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. వెచ్చగా ఉంది. వెనక మిషన్ వదిలే వేడిగాలి తిన్నగా దానికే తగులుతోందని అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా రెండోసారి తాకలేకపోయింది.

ఎదుట స్క్రీన్ మీద ఉద్యోగుల పేర్లున్నాయి. ఆయన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. పనిలో ఉన్నారని దాని అర్థం.

గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు చూపింది. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. స్క్రీన్ మీద ఒక వరస దానంతటదే కదిలింది. "మూడో అంతస్తు. మందుల చీటీలు ప్రింట్ కావడం లేదు." దాని కింద ఒక్కో అక్షరమే పడింది. చూశాను. ఇక భయం లేదు. ఆ వరస మాయమైంది.

"వదినా."

ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గుమ్మంలో టీ గ్లాసుతో ఆయన దగ్గర అసిస్టెంట్‌గా చేసినతను నిలబడి ఉన్నాడు.

"ఇదేంటయ్యా?"

అతను గ్లాసు కింద పెట్టి చాలాసేపు చెప్పుకొచ్చాడు. సగం ప్రోగ్రాములు ఆయన పేరు మీదే నడుస్తున్నాయి. ఆ పేరు తీసేస్తే ఏవి ఆగిపోతాయో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరూ దాని జోలికి పోలేదు. ఆయన ఉద్యోగంలోకి కొత్త మనిషినీ తీసుకోలేదు. ముగ్గురు చేయాల్సిన పని అతనొక్కడి నెత్తిన పడింది. ఇంతలో పైనుంచి రూలు వచ్చింది, ఏ టికెట్ అయినా నాలుగు గంటల్లో మూతపడాలని. దాటితే మూయాల్సినవాడి పేరు మీద మచ్చ.

"అప్పుడు మేనేజర్ గారే దారి చూపించారు వదినా. మిగిలిపోయినవి అన్నయ్య పేరు మీద మూసెయ్యమన్నారు. పోయినవాడికి మార్కులు ఎవరు తగ్గిస్తారు అన్నారు. నేనే మిషన్‌కి నేర్పాను. మూడు గంటల యాభై నిమిషాలు కాగానే అదే మూసేస్తుంది."

"బాగుచేసినా, చెయ్యకపోయినా?"

అతను తల దించుకున్నాడు. "అవును వదినా. ఇప్పటికి రెండు వేలు మూసింది. ప్రతి నెలా ఉత్తమ ఉద్యోగిగా అన్నయ్య పేరే పైకొస్తోంది. చేత్తో కొట్టేస్తున్నాం."

నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది. కానీ ఆవిడకు ఆ క్షణంలో రెండూ రాలేదు. తన టికెట్ గుర్తొచ్చింది. అది మూతపడ్డప్పుడు మెసేజ్ తనకొక్కదానికే రాదు. వార్డులన్నిటికీ వెళ్తుంది. స్క్రీన్‌ను నమ్మొద్దు, ఫోన్ చేసి అడగండి అని పొద్దున నర్సులందరికీ తనే చెప్పింది. ఇప్పుడు వాళ్లంతా మళ్లీ స్క్రీన్‌నే నమ్ముతుంటారు.

ఉదయం వచ్చినవాళ్లలో ఒకే పేరున్న ఆడవాళ్లు ఇద్దరు. ఒకామెకు షుగర్ ఆకాశంలో ఉంది. రెండోఆమెకు ఏమీ లేదు.

ఆవిడ గోడ ఫోన్ లాక్కుని వార్డుకు చేసింది. నర్సు తీరిగ్గా పలికింది. ఇన్సులిన్ సిరంజిలోకి ఎక్కించాను, ఆ పేరున్న రెండోఆమెకు ఇవ్వబోతున్నాను అంది.

"ఆపు. సూది కింద పెట్టు. ఆమెకు షుగర్ లేదు."

అవతల ట్రేలో సిరంజి పెట్టిన చప్పుడు వినిపించింది. తరవాత నర్సు అంది. "సారు చూశానన్నారు కదక్కా. మెసేజ్ వచ్చింది."

మర్నాడు ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ అందరినీ పిలిచింది. మేనేజర్ కాగితాలు తిరగేసి, రికార్డు ప్రకారం ఆ టికెట్ మూసింది ఫలానా ఉద్యోగి, ఆయన లేరు కనుక చర్య తీసుకోవడానికి కుదరదు అని మర్యాదగా విన్నవించాడు. పోయినవాడి మీదికి నెట్టేస్తే ఉన్నవాళ్లంతా హాయిగా ఇంటికి పోవచ్చు.

ల్యాబ్ ఆవిడ లేచింది. "బతికున్నన్నాళ్లూ ఆయన చూడకుండా చూశానని రాయలేదండీ. పోయాక రెండు వేల అబద్ధాలు ఆడించారు."

డాక్టరమ్మ మేనేజర్ వైపు కాక, వెనక వరసలోకి చూసి, మూసింది ఎవరని మళ్లీ అడిగింది. అసిస్టెంట్ కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు.

"నేనేనండీ. మేనేజర్ గారు చెప్పారు, నేను చేశాను."

పోయినాయన పేరు మిషన్లలోంచి తీసేయమని డాక్టరమ్మ ఉత్తర్వు ఇచ్చింది. ఇంకో ఇద్దరు మనుషుల్ని పెట్టమంది, నాలుగు గంటల రూలును చింపేసింది. తీసేసేటప్పుడు ల్యాబ్ ఆవిడ పక్కనే ఉండి చూస్తానంది. ఆకుపచ్చ చుక్క ఆరింది. ఆరగానే రెండు వార్డుల్లో ప్రింటర్లు ఆగాయి, మందుల గది స్క్రీన్ నల్లబడింది, బయట టోకెన్ల బోర్డు నిలిచిపోయింది. ఆగిన ఒక్కోదాన్నీ కాగితం మీద రాసి, ఎదురుగా బతికున్న ఒక మనిషి పేరు రాయడానికి సాయంత్రమైంది. ఆ రోజంతా జనం లైన్లలో నిలబడి తిట్టుకున్నారు. తిట్టించుకోవడానికైనా ఒక మనిషి ఎదురుగా నిలబడ్డాడు.

ఇంటికొచ్చి అత్తగారికి చెబితే ఆమె గోడ మీద కొడుకు ఫోటో వైపు చూసింది.

"వాడి పేరు ఇంకెక్కడా ఉండదా?"

"మనింట్లో ఉంటుందత్తయ్యా. అక్కడ ఉండకూడదు."

చదివేవారు తమ కార్యాలయంలోనూ ఒకసారి చూసుకోవాలి. మిషన్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు, నియమాలు ఎన్నయినా రాసుకోవచ్చు. కానీ పదిమంది ప్రాణాలు ఆధారపడ్డ పని వెనక పిలిస్తే పలికే మనిషి ఒకడు ఉండి తీరాలి.