రెండు హారన్లు, ఒక నల్లరాయి

మా ఆయన నెవిల్ డ్రైవింగు గురించి మొదలుపెట్టాడంటే ఎదుటివాళ్ల టీ చల్లారిపోతుంది, పళ్లెంలో చీజ్ రోల్స్ అట్టల్లా గట్టిపడతాయి. యాభై రెండేళ్లుగా న్యూజిలాండ్‌లోని ఈ డునెడిన్ కొండల మీద బండి నడుపుతున్నాడు, ఒక్క గీత పడలేదు అంటాడు. ఆ గీత పడకపోవడంలో నా వంతు ఎంతో మాత్రం ఎప్పుడూ అనడు.

మా వీధి ఎంత ఏటవాలంటే, సంచీలోంచి బంగాళాదుంప జారితే కింది మలుపు దాకా ఆగదు. పెళ్లయిన కొత్తలో ఆ వీధిలోనే నాకు బండి నేర్పబోయాడు. ఓ కాలు క్లచ్చి మీద, ఓ కాలు యాక్సిలరేటరు మీద, చెయ్యి బ్రేకు లివరు మీద. మూడూ ఒక్క క్షణంలో కలవాలి. "వదులు!" అని అరిచాడు. వదిలాను. బండి వెనక్కి దొర్లి కింది ఇంటివాళ్ల పోస్టు డబ్బాను కూల్చింది. నలభై నాలుగేళ్లుగా ఆ కథని ప్రతి బార్బెక్యూలో సాసేజీలతో పాటు వడ్డిస్తున్నాడు. నేను మళ్లీ స్టీరింగు ముట్టలేదు.

సముద్రం ఒడ్డున ఉప్పునీటి ఈతకొలను ఉంది. మోకాళ్లకు మంచిదని డాక్టరు చెప్పి ఆరేళ్లయింది. బస్సులో వెళ్తే తిరిగి వచ్చేటప్పుడు స్టాపు నుంచి మా కొండ ఎక్కడంతో ఈత ఫలం కాస్తా హరించుకుపోతుంది. నెవిల్‌కి తీరికుండి, టీవీలో రగ్బీ లేకుండా, ఆయనకి మనసు పుడితే తీసుకెళ్తాడు. అడిగి అడిగి విసుగొచ్చింది. ఈ అరవై తొమ్మిదేళ్ల వయసులో నాకు కావలసింది ఒక్కటే. ఎవర్నీ అడక్కుండా ఆ కొండ దిగి నీళ్లలో కాలు పెట్టాలి.

కిందటేడు మా కోడలు లోసా కొత్త ఎలక్ట్రిక్ కారు కొంది. సమోవా దీవుల పిల్ల, పెద్దవాళ్ల ముందు గొంతు పెంచదు. మెత్తగా చురక పెట్టడంలో మాత్రం ఆరితేరింది. నెవిల్ చూస్తానని ఎక్కి, రెండు సీట్ల మధ్య చెయ్యి పెట్టి తడిమి తడిమి, ఆమె నీళ్లసీసాను పట్టుకుని పైకి లాగాడు.

"బ్రేకేదమ్మా?"

"అది నా సీసా మామయ్యా. బ్రేకు ఇదిగో, ఈ బటను. నొక్కితే పడుతుంది. బండి కదిలిస్తే అదే వదిలేస్తుంది."

"అదే వదిలేస్తే ఇక డ్రైవరెందుకు, కునుకు తియ్యడానికా? ఇది బ్రేకు కాదే తల్లీ, కాలింగ్ బెల్లు! లివరు లాగితే కరకరమని చేతికి తెలియాలి. నేర్చుకునేవాడు మొదట దాని మీదే చెమటోడ్చాలి. ఇలాంటివాటి మీద నేర్చినవాణ్ణి మా వీధిలో వదిలితే కింది చివర చర్చి తలుపు దగ్గర తేలతాడు."

"అయితే మీ బండిని మన వీధిలో ఆపేది మీ చెయ్యేనా మామయ్యా?"

"ఇదుగో, ఈ చెయ్యే!"

వంటింటి కిటికీలోంచి ఇదంతా వింటున్నాను. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటారే, అదే. వెనక తొట్టె ఉన్న ఆ పాత యూట్ బండికి బ్రేకు కేబులు సాగిపోయి పదకొండేళ్లయింది. ఆరు నెలలకోసారి తనిఖీకి ముందు దాన్ని బిగిస్తాడు, నెల తిరక్కుండా మళ్లీ వదులు. కొత్త కేబులు వేయించు అంటే, నా చేతిలో బలం ఉంది అంటాడు. పోనీ గేరులో వదిలెయ్యి అంటే, అది బ్రేకు వెయ్యడం చేతకానివాళ్ల పని అంటాడు. చక్రాలు గట్టువైపు తిప్పడం కూడా అంతే. మరి బండి ఎలా నిలుస్తోందంటారా? ఇంటి ముందుకొచ్చి రెండుసార్లు హారన్ కొడతాడు. నేను చేతిలో పని వదిలేసి పరిగెత్తుకెళ్లి గేటు దగ్గరున్న నల్లరాయిని వెనక చక్రం కింద పెడతాను. అప్పుడు ఆయన లివరును కరకరమని లాగి దర్జాగా దిగుతాడు. వానైనా, మంచైనా, నేను పళ్లు తోముకుంటున్నా సరే. పదకొండేళ్లుగా ఆ బండికి చేతిబ్రేకుని నేనే.

ఆ సాయంత్రం లోసాని గిన్నెలు తోమే దగ్గర పట్టుకున్నాను. "నాకు నేర్పుతావా?"

"మామయ్యకి చెప్పాలా అత్తయ్యా?"

"చెప్తే నేర్పుతానంటాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. లెర్నర్ లైసెన్సు తెచ్చుకున్నాక, నెవిల్ పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట క్లబ్బుకి వెళ్లిన ప్రతి బుధవారం ఆమె వచ్చేది. మొదటిరోజు బండి కదల్లేదు. బ్రేకు వదలనంటోంది. "బెల్టు పెట్టుకోలేదు అత్తయ్యా, అందుకే" అంది లోసా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ జన్మలో నాకు బండి నేర్పేవాళ్లెవరూ అరవకుండా "ఇది తప్పు" అనలేదు. మా వీధిలో ఆపి బటను నొక్కాను. చిన్న టిక్కు. అంతే, రాయి లేదు, పరుగు లేదు.

ఎనిమిది నెలల తర్వాత ఒక మంగళవారం పదకొండున్నరకి నా పరీక్ష పడింది. నెవిల్‌కి ఆ మధ్యాహ్నం రెండింటికి క్లబ్బులో ఫైనలు. పొద్దున్నే మేకుల కొట్టుకి వెళ్లాడు. నేను లోసాతో వెళ్లాను. పరీక్ష పెట్టిన అమ్మాయి నిటారు వీధిలో ఆపమంది, మళ్లీ కదలమంది. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి పోలేదు. "పాసయ్యారు" అని చేతిలో కాగితం పెట్టింది. ఇక ఒంటరిగా నడపొచ్చట. లోసాలా పాత లైసెన్సున్నవాళ్లని తప్ప పక్కన ఎవర్నీ ఎక్కించుకోకూడదు గానీ, భర్తనైతే పర్వాలేదట. ఈ చట్టం రాసినవాళ్లకి నెవిల్ తెలియదు.

లోసాని పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడుపుకుంటూ మా వీధి ఎక్కేసరికి జనం పోగయి ఉన్నారు. యూట్ తోక కింది ఇంటివాళ్ల కంచెలో దూరి ఉంది. దాని చక్రం కింద పోస్టు డబ్బా. అప్పట్లో నేను పడగొట్టిన చోటే వాళ్లు మళ్లీ పాతుకున్నది. ఎవరికీ దెబ్బ తగల్లేదని తెలిశాక, అబద్ధమెందుకు, నాకు పట్టరాని సంతోషం వేసింది.

కారు వాలులోనే ఆపి బటను నొక్కి దిగాను. నెవిల్ మొహం ఎర్రబడి ఉంది. నేను ఏ సీటులోంచి దిగానో కూడా చూడలేదు.

"ఎక్కడ తగలడ్డావ్ ఎల్సీ? రెండుసార్లు కాదు, పదిసార్లు కొట్టాను హారన్! రాయి ఎవరు పెడతారనుకున్నావ్?"

వీధి వీధంతా వింది. కింది ఇంటాయన ముక్కలైన డబ్బా మూత పట్టుకుని నెమ్మదిగా అడిగాడు. "బ్రేకు వెయ్యలేదా నెవిల్?"

"వేశాను! రెండు చేతులా లాగాను! ఇది ఎప్పుడూ ఆ రాయి లేకుండా..." అని, అక్కడ ఆగాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయనకి అదే ఎక్కువ నొప్పి. ఒక్కసారిగా అందరి కళ్లూ నా మీదికీ, నా వెనక కదలకుండా నిలబడ్డ కారు మీదికీ తిరిగాయి. అప్పుడు చూశాడు నెవిల్, నా చేతిలో కాగితాన్ని.

"లోసా నడిపిందా?" అన్నాడు.

"నేను దారి చెప్పాను మామయ్యా, అంతే. అదీ ఒక్కసారే" అంది లోసా.

ఒంటిగంటన్నర దాటింది. రెండింటికి ఫైనలు. కంచెలోంచి యూట్‌ని లాగే బండి సాయంత్రానికి గానీ రాదట. కారు మీరే తీసుకెళ్లండి అని లోసా గట్టు మీదే ఉండిపోయింది, నేను మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాను. నెవిల్ తలొంచుకుని వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి సీట్ల మధ్య తడుముతోంది.

నేను మళ్లీ దిగి, గేటు దగ్గరున్న నల్లరాయిని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

"ఈ బండికి ఇది అక్కర్లేదు. నీకు చేతులు ఊరుకోకపోతే పట్టుకుని కూర్చో. నిన్ను క్లబ్బు దగ్గర దింపి నేను ఈతకి పోతున్నాను. ఆట అయ్యాక హారన్ కొట్టకు, వినపడదు."