బ్రేకు పరీక్ష

ఆ శనివారం స్కూలు బస్సు డ్రైవరుకి ఇంట్లో కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే కిటికీ దాకా వెళ్తాడు, అక్కడేం ఉందని మళ్ళీ వెనక్కి వస్తాడు. బల్ల మీద తొమ్మిదేళ్ళ నాటి కంప్యూటరు పక్క రేకు ఊడదీసి పడుకోబెట్టి ఉంది. దాని ముందు బామ్మర్ది. మోటార్లకు వైండింగు చేసుకునే మనిషి. స్క్రూలన్నీ ఒక డబ్బా మూతలో పోసి, ఫ్యాను రెక్కలకి పట్టిన దుమ్ము బ్రష్షుతో దులుపుతున్నాడు.

"బావా, కాస్త కుదురుగా కూర్చో. నీ నీడ పడి కన్నం కనబడటం లేదు."

"నువ్వు త్వరగా కానివ్వరా."

"ఇదేమన్నా టైరా, నాలుగు బోల్టులు విప్పి బిగించెయ్యడానికి?"

ఈ హడావుడంతా ఒక ఆట కోసం. బస్సు నడిపే ఆట. బామ్మర్దే పెట్టాడు, ఆడుకునే స్టీరింగూ కింద రెండు పెడళ్ళూ కూడా తెచ్చి బిగించాడు. అందులో బ్రేకు పరీక్ష అని ఒకటుంది. వీధిలో పోతూ ఉంటే ఉన్నట్టుండి ఓ బంతి అడ్డంగా దొర్లుతుంది, దాన్ని తొక్కకుండా బస్సు ఆపాలి. ముప్ఫై ఏళ్ళుగా పెద్ద బళ్ళు నడుపుతున్న మనిషి పదిసార్లు ఆడితే ఎనిమిదిసార్లు బంతిని తొక్కేశాడు. కంప్యూటరు తప్పే అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికెవడో" అని భార్య నవ్వింది. బామ్మర్ది మాత్రం బావ పక్షమే చేరాడు. "దీనికి వయసైపోయింది బావా. నువ్వు తొక్కితే అది ఆలోచించుకుని, తీరిగ్గా ఆపుతుంది." ఆ మాట పట్టుకునే డ్రైవరు నాలుగు రోజులుగా ప్రాణం నిలబెట్టుకుంటున్నాడు.

ఎందుకంటే మంగళవారం సంగతి ఎవరికీ తెలీదు. స్కూలు ముందు మలుపులో ఒక సైకిలు అడ్డొచ్చింది. బస్సు జానెడు దూరంలో ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ "భలే ఆపారండీ" అంది. అతను మొహం చెల్లక, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. సైకిల్ని అతను చాలా ముందే చూశాడు. కన్ను చూసింది, కాలే కదల్లేదు. ఆ సైకిలు ఆసామి పక్కకి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రమే ఈ బంతి. ఆట తప్పు కంప్యూటరుదైతే, మంగళవారం ఏదో పరధ్యానం, అంతే. కంప్యూటరుది కాకపోతే? ఆ ముక్క దాకా వచ్చేసరికి డ్రైవరు లేచి కిటికీ దగ్గరికి పోతాడు.

కొత్తది కొనే తాహతు లేదు. అందుకని చవకైన దాంతో మొదలెట్టారు. బామ్మర్ది తన షాపులో మూలపడ్డ కంప్యూటరులోంచి ర్యామ్ ముక్క పీక్కొచ్చి ఇందులో గుచ్చాడు. ఆట త్వరగా తెరుచుకుంది. బంతి నలిగింది. పాత డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టాడు. కంప్యూటరు కళ్ళు మూసి తెరిచేలోగా లేచింది. బంతి మళ్ళీ నలిగింది. "చూశావా, దీని జబ్బు ఇంకా వదల్లేదు" అన్నాడు డ్రైవరు. ఆ గొంతులో సంతోషం బామ్మర్దికి అర్థం కాలేదు.

ఆఖరికి, తెర మీద బొమ్మని సాఫీగా నడిపించే గ్రాఫిక్స్ కార్డు, ఎవరో వాడి అమ్మేసింది. దాన్ని బిగిస్తుండగా ఎవరిదో పంపు మోటారు కాలిపోయిందని ఫోను. బామ్మర్ది వెనకాల కేబుళ్ళు గబగబా తగిలించేసి, "నువ్వు ఆడుతూ ఉండు, గంటలో వస్తా" అని పరిగెత్తాడు.

డ్రైవరు కూర్చున్నాడు. బొమ్మ ఎప్పట్లాగే ఆగి ఆగి, ఎగిరి ఎగిరి నడిచింది. బంతి వచ్చింది, తొక్కేశాడు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. పెట్టిన డబ్బు దండగైనా ఫరవాలేదు, ఈ డొక్కు పెట్టె ఇక బాగుపడదు, తనకేం కాలేదు! హాయిగా ఒళ్ళు విరుచుకుని, బల్ల వెనక కింద పడ్డ స్క్రూ ఒకటి తీద్దామని వంగాడు.

కొత్త కార్డు కన్నాలన్నీ ఖాళీగా ఉన్నాయి. మానిటరు కేబులు దాని పైనున్న పాత కన్నంలోనే ఉంది.

కార్డు అమ్మినవాడు మరీ మరీ చెప్పాడు. "కేబులు కార్డుకే పెట్టండి. పాతదాంట్లో ఉంచితే కార్డు ఉన్నా లేనట్టే." బామ్మర్ది తొందరలో మర్చిపోయాడు. ఇది చూసినవాడు తనొక్కడే. చూడనట్టు ఊరుకుంటే అడిగేవాడు లేడు.

వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాడు. దాహం లేదు. వీధి గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురింటి మెట్ల మీద ఒక పిల్ల బూటు లేసు కట్టుకుంటోంది, సరిగ్గా పడక విప్పి మళ్ళీ కట్టుకుంటోంది. అతనికి భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు. సోమవారం పొద్దున ఆరున్నరకి తాళం చెయ్యి మళ్ళీ తన చేతిలో ఉంటుందని.

లోపలికొచ్చి కేబులు మార్చాడు.

బొమ్మ నున్నగా, ఎక్కడా ఆగకుండా నడిచింది. చెట్ల ఆకులు కూడా కనబడ్డాయి. బంతి గోడ చాటు నుంచి బయటికి రావడం, దొర్లడం, అంతా స్పష్టంగా చూశాడు. తొక్కేశాడు. మళ్ళీ ఆడాడు. పదింట్లో ఏడు నలిగాయి.

బామ్మర్ది చేతులకి గ్రీజుతోనే వచ్చాడు. "అబ్బ, కత్తిలా ఉంది కదా బావా!" అంటూ కూర్చుని మూడుసార్లు ఆడాడు. మూడుసార్లూ బంతికి బారెడు ఇవతల ఆగింది బస్సు. "చూశావా, నేను చెప్పలేదూ? లోపం నీది కాదు."

డ్రైవరు ఫోను తీసి స్కూలు బస్సుల మేనేజరుకి కలిపాడు. భార్య గుమ్మంలో నిలబడిపోయింది.

"సోమవారం బండికి ఇంకో మనిషిని చూసుకోండి సార్."

"ఏం, ఒంట్లో బాలేదా?"

జ్వరం అని నోటి దాకా వచ్చింది. "కాదండీ. బ్రేకు మీదకి కాలు ఆలస్యంగా వెళ్తోంది. పిల్లల బండి నేనింక తియ్యకూడదు."

మేనేజరు గొంతు తగ్గించాడు.

"ఎప్పటి నుంచి తెలుసు మీకు?"

బుధవారం నడిపాడు. గురువారం, శుక్రవారం కూడా. రోజుకి ముప్ఫై ఒక్కమంది పిల్లలు.

"మంగళవారం నుంచి" అన్నాడు.