వెనక టైరు మీద మచ్చ

రెండు టైర్లు కొనడానికి పదకొండు రోజులు తిరిగానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా అన్నయ్యకి వచ్చింది. “ఇల్లు కొన్నప్పుడు కూడా నువ్వింత ఆలోచించలేదురా” అన్నాడు. వాడికేం తెలుసు. నాది తారు మీదా, కంకర మీదా నడిచే డ్యూయల్ స్పోర్ట్ బండి. టైరుకి పెద్ద గుబ్బలుంటే కంకరలో పట్టు బాగుంటుంది గాని తడిసిన తారు మీద నమ్మడానికి లేదు. గుబ్బలు చిన్నవైతే తారు మీద హాయి, కంకరలో గండం. ముందు ఒక రకం, వెనక ఒక రకం వేసుకోమని కొందరు, ఆ పని మాత్రం చెయ్యొద్దని ఇంకొందరు. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ కళ్లు వాచిపోయాయి. అడిగినవాడినే మళ్లీ అడిగి నాలుగు షాపులవాళ్ల బుర్రలు తినేశాను.

ఈ తిప్పలన్నీ మా ఆవిడ మళ్లీ నా బండెక్కాలని.

తొమ్మిది వారాల కింద ఇద్దరం కొండ దిగి వస్తూ పడ్డాం. నాకు గీతలు పడ్డాయి. ఆవిడకి కుడి మోచెయ్యి విరిగింది. ఆవిడ టైలరు, అది కత్తెర పట్టే చెయ్యి. కట్టు విప్పాక చెయ్యి మెల్లగా దారికొచ్చింది గాని మనిషి బండి దగ్గరికి రాలేదు. పెళ్లయిన ఆరేళ్లలో సెలవురోజున మేం ఇంటిపట్టున ఉన్నది లేదు. ఇప్పుడు సెలవొస్తే ఆవిడ కాజాలు కుట్టుకుంటూ కూర్చుంటుంది, నేను కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ తిరుగుతుంటాను. “ఊరికే వీధి చివరిదాకా రా” అంటే, “నువ్వెళ్లిరా” అంటుంది. కోపంగా అన్నా బాగుండేది. మెత్తగా అంటుంది, అదే నా ప్రాణానికొచ్చింది.

ఎలా పడ్డారని అడిగిన ప్రతివాళ్లకీ టైరు జారిందని చెప్పాను. అన్నయ్యకి, అత్తయ్యకి, నాతో సెల్ టవర్లు ఎక్కే మా ఆఫీసువాళ్లకి, అందరికీ అదే మాట. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది. మంచి టైర్లు వేస్తే ఆవిడకి ధైర్యం వస్తుందని కూడా అనిపించింది.

పన్నెండో రోజు పొద్దున్న బస్ డిపో వెనకున్న టైర్ల పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయనకొక పద్ధతుంది. పాత టైరుని తన చేత్తో తడిమి చూడందే కొత్తది బయటికి తియ్యడు. చక్రాలు ఊడదీసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, చిన్న స్టూలు మీద కూర్చుని ముందు టైరుని అరచేతి కింద మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. నేను ఈ అరలోంచి ఆ అరకి తిరుగుతూ టైర్లు నొక్కి చూస్తున్నాను.

“కాస్త కూర్చోండి బాబూ. మీరలా తిరుగుతుంటే నా చెయ్యి చెప్పేది నాకు అందట్లేదు” అన్నాడు.

కూర్చున్నాను. రెండు నిమిషాల్లో మళ్లీ లేచాను.

“ముందుదానికి ఏ రోగమూ లేదు” అని దాన్ని పక్కన పెట్టి వెనక టైరు అందుకున్నాడు. సగం తిరిగాక ఆయన చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పాడు, మళ్లీ అక్కడే ఆగింది. “ఇక్కడ చెయ్యి పెట్టండి.”

పెట్టాను. చుట్టూ గుబ్బలున్నాయి. అక్కడ మాత్రం బెత్తెడు మేర గీకేసినట్టు చదునుగా ఉంది.

“ఇది జారిన టైరు కాదు. బ్రేకు తొక్కితే బిగిసిపోయి తారు మీద ఈడ్చుకుపోయింది. మామూలుగా చక్రం బిగుసుకోకుండా ఏబీఎస్ ఆపుతుంది. దాని స్విచ్చి కట్టేస్తే తప్ప ఇలాంటి మచ్చ పడదు. కంకరలో కట్టేసి, తారు ఎక్కాక మళ్లీ వెయ్యడం మర్చిపోయేవాళ్లు నెలకొకరు వస్తారు నా దగ్గరికి. అందరూ టైరునే తిడతారు.”

నేను మర్చిపోలేదు. కంకరలో వెనక చక్రాన్ని కాస్త జార్చి మలుపు తిప్పడం మా బళ్లవాళ్లకి సరదా, అందుకే కట్టేస్తాం. తారు వచ్చాక, ఏబీఎస్ లేదని చెప్పే పసుపు దీపం మీటరు మీద వెలుగుతూనే ఉంది. చూశాను. ఇంకొక్క మలుపు అనుకున్నాను. ఆవిడ వెనక కూర్చునుందని తెలిసే బ్రేకు తొక్కాను.

ఆయన లేచి అరల దగ్గరికి వెళ్లాడు. ముందుకి పెద్ద గుబ్బలది, వెనక్కి సగం తారుకీ సగం కంకరకీ పనికొచ్చేది తీశాడు. “కంకరలో వెనకది జారితే సర్దుకునే టైముంటుంది. ముందుది జారితే అదీ ఉండదు. అందుకని పట్టు ముందుకి ఎక్కువ పెడదాం” అన్నాడు. పదకొండు రోజుల గొడవ పావుగంటలో తేలిపోయింది.

ఇంటికొచ్చాను. ఆవిడ కాజాలు కుడుతోంది. మూడుసార్లు మంచినీళ్లు తాగాను. కిటికీ తీశాను, మళ్లీ వేశాను.

“కూర్చోవయ్యా బాబూ, నిన్ను చూస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి. టైర్లు దొరకలేదా?”

“దొరికాయి. ఆ రోజు టైరు జారలేదు” అన్నాను. నిలబడే చెప్పేశాను. ఏబీఎస్ కట్టెయ్యడం, పసుపు దీపం, ఇంకొక్క మలుపు, అన్నీ.

సూది ఆగింది. “అయితే నేను కదలడం వల్ల కాదా?” అంది.

“నువ్వు కదలడమేంటి?”

“బ్యాగు జారుతుంటే మలుపులో వెనక్కి తిరిగాను. ఆస్పత్రిలో మీ అన్నయ్యతో అన్నావుగా, వెనక కూర్చున్నవాళ్లు కుదురుగా లేకపోతే ఏ టైరైనా జారుతుందని. నాకు అప్పుడే మత్తు దిగుతోంది. విన్నాను.”

అన్నాను. అన్నయ్య నావైపు అదోలా చూస్తుంటే నోటికొచ్చింది అనేశాను. లిఫ్టు దిగేలోపే మర్చిపోయాను కూడా.

“అందుకేనా ఎక్కడం మానేశావు?”

“నావల్ల మళ్లీ పడితే, ఈసారి నీకేమన్నా అయితే?”

ఇన్నాళ్లూ నేనంటే భయపడుతోందనుకున్నాను. నాకోసం భయపడింది. దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిని ఇంకా పూర్తిగా చాపలేదు.

“బండెక్కుతానో లేదో తర్వాత సంగతి. ఎవరెవరికి చెప్పావు ఆ మాట?” ఆవిడ గొంతు పెరగడం ఆరేళ్లలో మొదటిసారి విన్నాను.

“రేపు నేనే వెళ్లి అందరికీ...”

“ఇప్పుడే. మా అమ్మతో మొదలుపెట్టు. స్పీకర్లో పెట్టు.”

కుట్టుమిషను ముందున్న స్టూలు చూపించింది. కూర్చున్నాను. ఫోన్ నాలుగుసార్లు మోగింది. ఎత్తీ ఎత్తగానే అత్తయ్య అందుకుంది.

“ఏం బాబూ, అమ్మాయి చెయ్యి ఎలా ఉంది? మీ అన్నయ్య అంతా చెప్పాడులే. మళ్లీ బండెక్కిస్తే కుదురుగా కూర్చోమని గట్టిగా చెప్పు. చిన్నప్పట్నుంచీ అంతే అది, చెబితే వినదు. పాపం, నువ్వేం చేస్తావు.”

మా ఆవిడ నావైపే చూస్తోంది.

“తను కుదురుగానే కూర్చుంది అత్తయ్యా” అన్నాను. “పడేసింది నేను.”