జొమ్‌సున్ అవ్వ చెప్పిన సున్నా

మూడు పైచిలుకా, అంతమంది ఎవరొచ్చారు ఆ ఇళ్ళకి, ఆ కొండ ఊళ్ళకి బస్సే పొద్దునొకటి సాయంత్రమొకటి, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళని వారంలో ఎంతమంది పలకరించారన్న ప్రశ్నకి సగటున ముగ్గురు దాటారని కంప్యూటర్ చూపిస్తోంది, నేను శుభ్రం చేసిన లెక్కే, ఏ వరుసలో సున్నా కనబడినా తీసేసి గడి ఖాళీగా పెట్టమని ఒక్క వాక్యం రాసి అన్ని వరుసల మీదికీ తోలాను, చేను మీద కలుపుమందు కొట్టినట్టు, ఎత్తు సున్నా పోయింది, బరువు సున్నా పోయింది, పోవలసినవే, సర్వేకి పట్టుకెళ్ళే ట్యాబ్‌లో ప్రశ్న దాటేస్తే అది దానంతటదే సున్నా వేసుకుంటుంది, బరువు లేని మనిషి ఉంటాడా, మరి ఈ ముగ్గురూ ఎక్కణ్ణించి వచ్చారు, గిల్‌వన్ గారూ, భోజనానికి ముందే అయిపోవాలండీ, అని టీమ్ లీడర్ మో మేడమ్ మళ్ళీ తొంగిచూసింది, అయిపోయింది మేడమ్ అన్నాను, నా నోరు ఎప్పుడూ నాకంటే ముందే ఒప్పుకుంటుంది.

జొమ్‌సున్ అవ్వ అరుగు మీద చిలగడదుంప తొక్క తీస్తోంది నేను సర్వేకి వెళ్ళిన రోజు, చూరు కింద ముల్లంగి ఆకు ఎండుతోంది, ఈ వారం ఎవరైనా వచ్చారా అవ్వా అంటే వేళ్ళు మడవబోయి ఆగింది, పెరుగామె లెక్కకొస్తుందా అంది, రాదవ్వా, ఆఫీసు పంపిన మనిషి, మరి నువ్వో, నేనూ రానవ్వా, అయితే వచ్చిన ఇద్దర్నీ మింగేశావురా అబ్బాయి, ఇక ఈ దుంప కూడా మింగు, అని నవ్వి, సున్నా వెయ్యి అంది, వేశావా, ఏదీ చూపించు, నా వేలు పడేదాకా తెర మీంచి చూపు తీయలేదు.

ఆ సున్నానీ కొట్టేశాను, ఎవరూ రానివాళ్ళందరూ లెక్కలోంచి పోయారు, మిగిలినవాళ్ళకి ముగ్గురు పైచిలుకు, మధ్యాహ్నం కౌన్సిల్‌లో ఈ అంకె చదువుతారు, ఇంతమంది వచ్చిపోతుంటే పెరుగు సీసాలెందుకని అక్కడొకాయన అప్పుడే అంటున్నాడట, పెరుగామె రోజూ గుమ్మంలో సీసా పెడుతుంది, నిన్నటిది అలాగే ఉంటే తలుపు కొడుతుంది, తీయకపోతే మాకు ఫోన్ చేస్తుంది, సీసా ఆగితే ఆ తలుపు కొట్టేదెవరు, చెప్పేస్తే సరి, ఎలా చెప్పను, పోయినేడు ఒక్కొక్కరు ఒక్కో వరుసని తోచినట్టు దిద్దారని ఆడిట్‌వాళ్ళు మేడమ్‌ని నిలబెట్టి కడిగారు, అప్పట్నుంచి ఆమె మాట ఒకటే, రూలు ఒకటి, ఏ వరుసకీ చుట్టరికం లేదు, అదీ న్యాయమే, నా కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి, మళ్ళీ సంతకం పెట్టాల్సింది ఆమే, హీటరు గాలికి గొంతు ఎండుతోంది, చలికని కిటికీకి బుడగల కవరు అంటించారు, బయట మనిషి నడుస్తున్నా మరకలాగే కనబడతాడు.

ఏమండీ, ఆ తెరలోకే దూరిపోతారా, ఎముకల పులుసు చల్లారిందంటే నేను తాగను, మీ చేతే తాగిస్తా, అంటూ మేడమ్ కోటు తగిలించుకుంటోంది, లేవబోయాను, బరువు దాటేయొచ్చు, ఎత్తు దాటేయొచ్చు, ఎవరొచ్చారన్న ఆ ఒక్క ప్రశ్నని మాత్రం ట్యాబ్ దాటనివ్వదు, వేలితో వేసి తీరాలి, అంటే ఆ వరుసలో దానంతటదే పడ్డ సున్నా ఒక్కటీ లేదు, ప్రతిదాని వెనకా ఎవరో వేళ్ళు మడవబోయి ఆగారు, మేడమ్, ఒక వరుసని రూలులోంచి తప్పించాలి అన్నాను, చుట్టరికాలు లేవన్నానా, లేవు మేడమ్, తప్పు నాది, రిపోర్టు ఆపండి, కోటు ఒక చేతికే ఎక్కి ఆగిపోయింది, కౌన్సిల్‌కి నన్నేం చెప్పమంటారు అంది, నేను రూలులోంచి ఆ వరుసని తప్పించి, శుభ్రం చెయ్యని మొదటి ఫైలు మీద మళ్ళీ తోలాను, సగటు ఒకటి కంటే కిందికి దిగింది, సున్నాలు వచ్చి వాటి గడుల్లో కూర్చున్నాయి, సంతకం సంగతి ఆమె ఇష్టం, ఎవరూ రాలేదని అవ్వ చెప్పింది, అవ్వ ఏమీ చెప్పలేదని రాసింది నేను.