వానొస్తే కట్టే ముడి

వాన మొదలవగానే అందరూ కిటికీలు మూసుకుంటారు. నేను రేణు చెయ్యి నా చేతికి కట్టుకునేదాన్ని. అందుకోసమే పాత వాయిల్ చీర అంచు చింపి, వంటింటి సొరుగులో గరిటెల పక్కన పెట్టుకున్నాను. ఒక కొస నా ఎడమ మణికట్టుకి, ఇంకో కొస దాని కుడి మణికట్టుకి. మధ్యలో దానికి బొమ్మలతో ఆడుకునేంత, నాకు కూర తరుక్కునేంత జాగా. వాన వెలిసేదాకా వంటా, గిన్నెలూ, గోపీనాథ్ చొక్కాల ఇస్త్రీ అన్నీ ఆ ముడితోనే సాగేవి. రేణుకి అయిదేళ్లు. పుట్టినప్పటినుంచీ అలవాటు కాబట్టి పేచీ పెట్టేది కాదు. ఉరుము వినపడితే చాలు, ఆట మధ్యలో లేచి చెయ్యి చాపుకుంటూ తనే వచ్చేది. అందరి ఇళ్లలోనూ వానకి ఇలాగే చేస్తారనుకునేది పిచ్చితల్లి.

ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ హాల్లోంచి చూస్తే కింద స్విమ్మింగ్ పూల్ కనిపిస్తుంది. ఇల్లు చూసిన రోజున మా ఆయన గోపీనాథ్ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, దాన్ని తనే తవ్వించినట్టు చూపించాడు. ఇంట్లో దిగిన మర్నాడే ఆ కిటికీకి మందపాటి కర్టెన్ కుట్టి వేశాను. బాత్‌టబ్ ఉన్నా నింపను, పిల్లకి బకెట్ స్నానమే. ఇవన్నీ గోపీనాథ్‌కి తెలియక కాదు. "అంతా మనసులో ఉంటుంది జయంతీ, మర్చిపోవాలి" అనేవాడు, పేపర్లోంచి తల ఎత్తకుండా. మర్చిపోవడం కూడా ఇంటిపనుల్లో ఒకటయింది, మిగతా పనుల్లాగే అదీ నా వంతుకే వచ్చింది.

శనివారం వస్తే అతని మందుల కంపెనీ స్నేహితులు సకుటుంబంగా భోజనానికి దిగేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎంతమందండీ పిల్లలు?" నేను నోరు తెరిచేలోపే "ఒక్కతే" అనేవాడు గోపీనాథ్. నేను లోపలికి వెళ్లి పెరుగన్నంలో తాలింపు వేసేదాన్ని.

ఒక్కతే కాదు. రేణు కంటే ముందు హైమ ఉంది. రెండేళ్ల పిల్ల. డెబ్భై ఏడు నవంబరులో దివిసీమ ఉప్పెనలో పోయింది. ఆ రోజు గోపీనాథ్ వీసా పని మీద మద్రాసులో ఉన్నాడు. అత్తగారు అంతకుముందే పోయారు. ఇంట్లో నేనూ, హైమా, మామగారూ. మామగారు తాటిచెట్టు పట్టుకుని బతికారు. తర్వాత పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆయన ఒకే మాట చెప్పారు. "పిల్లని గట్టిగా పట్టుకోలేకపోయింది." నేను పక్కగదిలో పడుకుని వింటూనే ఉన్నాను. వినగా వినగా నాకూ అదే నిజమైపోయింది. రేణు పుట్టాక నా చేతుల మీద నాకు నమ్మకం లేకపోయింది. అందుకే ఆ గుడ్డపీలిక.

ఎనభై అయిదు మార్చిలో వారమంతా ముసురు పట్టింది. రేణు మణికట్టు చుట్టూ చర్మం ఎర్రగా కమిలి, ఒకచోట లేచిపోయింది. స్కూల్లో టీచరు చూసి మమ్మల్నిద్దర్నీ పిలిపించింది. ఆవిడ గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. "ఇది ఎలా అయిందో చెప్పగలరా?" అని మాత్రం అడిగింది. నేను నా ఎడమ మణికట్టు మీదికి చీర కొంగు లాక్కున్నాను. తిరుగుదారిలో కారులో గోపీనాథ్ స్టీరింగ్ మీద కొట్టాడు.

"ఇది అమెరికా. గవర్నమెంటువాళ్లు వచ్చి పిల్లని తీసుకుపోతారు, తెలుసా? నా పరువేం కావాలి?"

పరువు సంగతి నాకు పట్టలేదు. తీసుకుపోతారన్న మాట పట్టుకుంది. ఒక పిల్లని నీళ్లకి ఇచ్చాను, ఇంకో పిల్లని నా ముడే తీసుకుపోతుందా అనిపించింది.

ఆ టీచరుకి నేను ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను. ఆవిడ చూడకపోతే ఎవరూ చూసేవాళ్లు కాదు. రేణుని చూసే పిల్లల డాక్టరు శశికళగారు మావైపు మనిషే, గుడివాడ. ఆవిడ స్కూలుకి వెళ్లి మాట్లాడి మా గురించి పూచీ పడ్డారు. తర్వాత మా ఇంటికొచ్చి, నేను కాఫీ కలపబోతుంటే స్టవ్ ఆపేసి నన్ను కూర్చోబెట్టారు.

"ముడి సంగతి తర్వాత మాట్లాడదాం జయంతిగారూ. అసలు మీకేమైంది?"

ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. ఏడుస్తూ, ఆవిడకి కాఫీ ఇవ్వలేదన్న బెంగ మాత్రం పెట్టుకుని కూర్చున్నాను.

అలా మిసెస్ కెల్నర్ దగ్గరికి చేరాను. ప్రిన్స్‌టన్ అవతల చిన్న ఇంట్లో ఉండే థెరపిస్టు ఆవిడ. చిన్నప్పుడు రెండో ప్రపంచ యుద్ధంలో అయినవాళ్లందరినీ పోగొట్టుకుని వచ్చిన మనిషి. రెండు నెలలు వారం వారం వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఉప్పెన అన్న మాట దగ్గరికి రాగానే గుండె దడ పట్టేది, చెవుల్లో నీళ్ల హోరు మొదలయ్యేది, ఆ రోజుకి అంతే. చివరికి ఆవిడే ఒక మందు సంగతి చెప్పింది. పేరు ఎండీఎంఏ. అప్పటికింకా దాన్ని నిషేధించలేదు, నిషేధిస్తారన్న మాట మాత్రం వినిపిస్తోంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి, బలాత్కారానికి గురైన ఆడవాళ్లకి కొద్దిమంది థెరపిస్టులు దాన్ని తమ ఎదుటే ఇచ్చి, దిగేదాకా పక్కనే కూర్చుంటున్నారట. భయాన్ని కాసేపు పక్కన కూర్చోబెడుతుందట. "మందు దేన్నీ మాన్పదు. చూడటం మీ పని, మీ పక్కన ఉండటం నా పని" అంది.

మాట్లాడితే జబ్బు తగ్గుతుందంటే నవ్వే మనిషి గోపీనాథ్, మాత్ర అనేసరికి మెత్తబడ్డాడు. కెమిస్టు కదా. కాగితం మీద దాని ఆకారం గీసి చూసుకుని, "సింపుల్ మాలిక్యూలే" అని ఒప్పుకున్నాడు. "ఎవరికీ చెప్పకు మరి" అని కూడా అన్నాడు.

పొద్దున ఏమీ తినకుండా రమ్మంది కెల్నర్. ఉపవాసమంటే నాకు తెలిసింది ఒక్కటే పద్ధతి. తలంటు పోసుకున్నాను. పట్టుచీర కట్టుకుని బొట్టు దిద్దుకున్నాను. తండ్రీకూతుళ్లకి మధ్యాహ్నానికి వండిపెట్టి, ఒకరింటికి చేతులూపుకుంటూ ఎలా వెళ్తామని పెద్ద గిన్నె నిండా పులిహోర కలిపి పట్టుకెళ్లాను. శశికళగారు డ్రైవ్ చేస్తూ దారి పొడుగునా నవ్వాపుకున్నారు. గుమ్మంలో నన్ను చూసి కెల్నర్, "వదులు బట్టలు వేసుకోమన్నాను కదా" అని తన హౌస్‌కోటు ఇచ్చింది. ఆ మందు కోసం జరీ అంచు పట్టుచీరలో వెళ్లింది అమెరికా మొత్తానికి నేనొక్కదాన్నే అయుంటాను.

మంచినీళ్లతో మాత్ర మింగి సోఫా మీద పడుకున్నాను. పెద్దావిడ ముందు కాళ్లు చాపుకోవడం ఇబ్బందిగా ఉండి ముడుచుకుంటుంటే, నా పాదం ఆవిడకి తగిలింది. గబుక్కున లేచి ఆవిడ మోకాలు తాకి కళ్లకద్దుకున్నాను. ఇదేమిటని అడిగింది. చెప్పాను. "ఇవాళ మీ కాళ్లకి సెలవివ్వండి" అంది.

అరగంట దాటాక దవడలు బిగిశాయి, అరచేతులకి చెమట పట్టింది. హడలిపోయి చూస్తే ఆవిడ చెయ్యి అందించింది. ఇంకాసేపటికి ఛాతీ మీదనుంచి ఎవరో బియ్యం బస్తా దించినట్టయింది. భయం ఎక్కడికీ పోలేదు, గదిలోనే ఉంది. నా మీద మాత్రం లేదు. "మీకు వచ్చిన భాషలో చెప్పండి, నాకు అర్థం కానక్కర్లేదు" అంది కెల్నర్. తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఏం చెప్తున్నానో చెప్తూ చెప్తూ నేనే వింటున్నాను.

గాలి ముదురుతోంది. ఊళ్లోవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని మిద్దె ఉన్న స్కూలు భవనానికి పోతున్నారు. పక్కింటి మీనా ఇద్దరు పిల్లల్నీ చెరోపక్కన పట్టుకుని మా గేటు దగ్గర ఆగింది. "రా వదినా, ఆలస్యం చెయ్యమాక. గాలి తీరు బాలేదు." నేను హైమని చంకన వేసుకుని ఒక కాలు గేటు బయట పెట్టాను. మామగారు అరుగు మీదనుంచి అన్నారు. "ఏంటమ్మాయ్, మనింటి కోడలు ఊరందరి మధ్యా పోయి పడుకుంటదా? జనం నవ్విపోరూ? లోపలికి రా." బయట పెట్టిన కాలు లోపలికి తీసుకున్నాను.

మీనా, దాని పిల్లలిద్దరూ ఆ మేడ మీద బతికారు. ఇది నాకు తెలియని సంగతి కాదు, ఎనిమిదేళ్లుగా తెలుసు. కానీ మీనా పిల్లలు బతకడాన్నీ, మామగారి మాటనీ, నా కాలునీ ఒకచోట పెట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. నీళ్లు వచ్చాక నేనేం చేశానో కూడా చూశాను. చీర విప్పి హైమని నా నడుముకి కట్టుకున్నాను, ముడి మీద ముడి వేశాను. ఆ ముళ్లు ఊడలేదు. చీరే చిరిగిపోయింది. తాటిచెట్ల ఎత్తున వచ్చిన నీళ్లతో ఏ చెయ్యి గెలుస్తుంది? మర్నాడు తుమ్మకంపలో చిక్కుకుని బతికున్న ఆ తల్లికి ఇరవై రెండేళ్లు. ఒళ్లంతా చీరుకుపోయి ఉంది. దాన్ని 'నీకెక్కడ తగిలిందే' అని ఒక్కరూ అడగలేదు. నేను అడిగాను. రెండు చేతులూ కళ్లముందు పెట్టుకుని, "మీ తప్పేం లేదర్రా" అని చెప్పాను. హైమ పేరు పెట్టి పిలిచి ఏడ్చాను. కడుపునిండా అన్నం తిన్నట్టు, తృప్తిగా ఏడ్చాను.

ఒక్క ముక్క అర్థం కాని ఆ మనిషి పొద్దువాలేదాకా నా చెయ్యి వదల్లేదు. సాయంత్రం శశికళగారు వచ్చాక ముగ్గురం కూర్చుని పులిహోర తిన్నాం. కెల్నర్ ఎండుమిరపకాయ నమిలేసి కళ్లనీళ్లు పెట్టుకుంటే, నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఆ మందు మళ్లీ తీసుకోలేదు. జూలై వచ్చేసరికి దాన్ని నిషేధించేశారు. ఎవరి మంచిచెడ్డలు వాళ్లు చూసుకుని చేసుంటారు, ఆ వాదన నాకు తెలియదు. తలుపు పడేలోపల నేను లోపలికి వెళ్లి రాగలిగాను. అందుకు ఆ మాత్రకీ, నా పక్కన కూర్చున్న మనిషికీ రుణపడి ఉన్నాను. కెల్నర్‌తో మాట్లాడటం మాత్రం మానలేదు. భయమూ పూర్తిగా పోలేదు. ఆ తర్వాత మొదటి ఉరుముకి రేణు అలవాటుగా చెయ్యి చాపుకుంటూ వచ్చింది. సొరుగు దాకా వెళ్లిన నా చెయ్యి ఆగింది. చాపిన ఆ చేతిలో అప్పుడే వేయించిన అప్పడం పెట్టాను. దాని మొహం చూడాలి!

గోపీనాథ్‌తో కూడా చెప్పాను.

"నాన్న అలా అన్నాడా?"

"అన్నారు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగలేదే."

లేచి వెళ్లి బాత్‌రూమ్‌లో తలుపేసుకున్నాడు. అతనూ తండ్రే కదా, ఏడవడానికి అతనికీ ఎవరూ చోటివ్వలేదనిపించింది. బయటికొచ్చాక మాత్రం, "పెద్దాయన మొదటిసారి వస్తున్నాడు. ఇవేవీ ఎత్తకు" అన్నాడు. నేను సరేననలేదు.

మామగారు ఆగస్టులో వచ్చారు. మూడుపూటలా ఆయనకి వేడివేడిగా వండిపెట్టాను, నేను తోడేసిన పెరుగు బాగుందన్నారు. ఒక శనివారం పొద్దున కర్టెన్ పక్కకి లాగి, రేణుకి స్విమ్‌సూట్ వేసి, తువ్వాలు భుజాన వేసుకుని తలుపు తీశాను. కింద పూల్‌లో పిల్లలకి ఈత నేర్పుతున్నారు. సోఫాలో కాఫీ తాగుతున్న మామగారు మమ్మల్ని చూశారు.

"ఏంటమ్మాయ్, ఆడపిల్లకి ఈతేంటి? ఆ బట్టలతో అందరి మధ్యకీ పోతదా? జనం నవ్విపోరూ? లోపలికి రమ్మను."

గోపీనాథ్ పేపర్ దించి నావైపు చూశాడు, ఇవాళ్టికి వదిలేయమన్నట్టు. నా కాలు ఒకటి అప్పటికే గడప దాటి ఉంది.

"మామయ్యగారూ, ఆ రోజు కూడా ఈ మాటే అన్నారు. నేను విన్నాను. హైమ పోయింది."

ఆ ఇంట్లో ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి. ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశారు. రెండో కాలు కూడా బయట పెట్టి, తలుపు దగ్గరగా వేశాను.

పూల్ దగ్గర క్లోరిన్ వాసన గుప్పుమంది. ఇనుప కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. రేణు నీళ్ల అంచుకి వెళ్లి, అలవాటు చొప్పున వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"అమ్మా, యూ వోంట్ హోల్డ్ మై హ్యాండ్?"

"నువ్వెళ్లు నాన్నా. నేను గట్టుమీదే ఉంటాను."

దూకేసింది. నీళ్లు ఎగిరి నా చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. నేను వెనక్కి జరగలేదు. ఈత నేర్పే అమ్మాయి దాన్ని అందుకుని పైకెత్తుతూ, నన్ను చూసి నవ్వింది. ఇంత ధైర్యమున్న పిల్లని చూడలేదని, మీకు ఒక్కతేనా అని అడిగింది.

"కాదు, నాకు ఇద్దరమ్మాయిలు" అన్నాను. "ఇది రెండోది."