ఈరన్న సారు సందు

ఈరన్న సారు భువనగిరి రాతిగుట్టను ఉత్తకాళ్ళతో ఎక్కుతున్నాడు, ఆయన వెనకే తాడు పట్టుకుని బాలామణి ఎక్కుతోంది, ఎండకు కాలాల్సిన బండ చల్లగా, తెల్లగా ఉంది, నాలుగడుగులు వేసేసరికి అది గుట్ట కానే కాదు, హిమాలయాల్లో సారు కన్నుమూసిన కొండ అవుతోంది. సారు పోయాడన్న సంగతి ఆమెకు గుర్తుంది. పోయిన మనిషి అంత చలాకీగా ఎక్కుతుంటే ఆ మాట ఎత్తడం మర్యాద కాదని ఊరుకుంటోంది.

"ఏందే మణీ, పెండ్లిపిల్ల నడక నడుస్తున్నవ్?" అంటాడు సారు, వెనక్కి తిరగకుండానే. ముడి వేయడం దగ్గర నుంచి పడితే ఎలా పడాలో దాకా ఆమెకు అన్నీ నేర్పింది ఆయనే, తిట్లతో సహా.

రెండు నల్లబండల నడుమ నిట్టనిలువుగా పైకి పోయే ఇరుకు మంచుదారి ఎదురవుతుంది. సందు అంటారు దాన్ని. ఆ సందులోంచి శిఖరం చేరాలన్నది సారు పంతం. సగం దాకా పోయి, ఊపిరాడక దిగివచ్చి, గుడారంలోనే ప్రాణం విడిచాడు. మిగిలిన సగం తాను ఎక్కుతానని ఇప్పుడు ఆయన కూతురు నవనీత పట్టుబట్టింది. తెల్లవారితే ఎక్కాలి, ఎక్కించాల్సింది బాలామణి. కలలో కూడా ఆ బరువు ఆమె మీద నుంచి దిగలేదు.

"ఈడనే ఆగిపోయిన," అంటాడు సారు సందును చూపిస్తూ. "మిగిలింది నా బిడ్డతోని ఎక్కియ్యి. నడు."

"ఎక్కియ్యను సారూ."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకే నమ్మబుద్ధి కాదు.

"ఏమైందే? ఈ నెలల సందు ఇనుము లెక్క ఉంటది. గొడ్డలి దిగాల్నంటే భుజాలు పడిపోవాలె."

"అది మీరున్నప్పటి ముచ్చట. ఇప్పుడు రాత్రిళ్ళు గూడ గడ్డకడ్తలేదు. పొద్దెక్కకముందే రాళ్ళు దొర్లుతున్నయ్. మీరెరిగిన కొండ కాదిది."

"నాకు కొండ గురించి చెప్తున్నవా?" సారు ముఖం ఎర్రబడుతుంది, అదేమిటో ఆ ముఖం కాసేపు నవనీత ముఖమై, మళ్ళీ సారుది అవుతుంది. బాలామణి ఆయన చేతిలోని మంచుగొడ్డలి లాక్కుంటుంది. మంచు మీద కాలు పెట్టే ముందు పిడితో తట్టి చెవి పెట్టమనేవాడు ఆయన, కొత్త కుండను తట్టి చూసుకున్నట్టు. ఆమె తడుతుంది. గట్టి చప్పుడు రాదు, లోపలెక్కడో నీళ్ళు పారుతున్నాయి, సారు వంగి వింటున్నాడు, ఇంకా వంగి వింటున్నాడు, ఆయన కాళ్ళ కింది తెలుపు మెల్లగా కుంగుతోంది.

"సరిగ్గ కొట్టలేదు నువ్వు," అంటాడు చివరికి. గొంతులో పస లేదు.

"మీరే కొట్టి చూడుండ్రి."

ఆయన గొడ్డలి అందుకోడు. మొండిపిల్లాడిలా తల అడ్డంగా ఊపుతాడు. "పొమ్మంటున్న గద మణీ. ఒక్కపారి. నా కోసం."

బతికున్నన్నాళ్ళూ ఆయన ఆమెను ఏదీ బతిమాలి అడగలేదు. నాయనా అని పిలవలేదన్న మాటే గానీ, ఆ మనిషంటే ఆమెకు ప్రాణం. సరే అనేసి ఆ కాళ్ళు పట్టుకోవాలనిపిస్తుంది. అయినా ఉన్నచోటి నుంచి కదలదు.

"మీ కోసమంటే నేనొక్కదాన్ని పోదును సారూ. మీ బిడ్డను తాడుకు కట్టుకుని మాత్రం పోను. నన్నేమన్న అనుకోండ్రి."

సారు సందు వైపే చూస్తూ నిలబడతాడు, చూస్తుండగానే ఆయన చొక్కా ఏదో మంచు ఏదో తెలియకుండా పోతుంది.

మెలకువ వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బాలామణి గుడారం జిప్పు తీసి బయటికి వచ్చింది. టీ కోసం సాయంత్రమే నీళ్ళు నింపి పెట్టిన గిన్నె రాయి పక్కన ఉంది. ఇంత ఎత్తులో తెల్లారేసరికి అది గడ్డకట్టి ఉండాలి. అలవాటు కొద్దీ గొడ్డలి పిడితో పగలగొట్టబోయింది. పిడి గిన్నె అడుక్కి తగిలి ఖంగుమంది, నీళ్ళు చిమ్మి మణికట్టు తడిసింది.

నవనీత అప్పటికే బూట్లు తొడుక్కుని, తాడు భుజాన వేసుకుని నిలబడి ఉంది. గిన్నెనూ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"దిగిపోదాం చెల్లె," అంది బాలామణి.

నవనీత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాయిన ఉంటే పొమ్మనేటోడు అక్కా."

"పొమ్మన్నడు. నేనే పోనన్న."